రేవు వెనుక నేల

శ్రీ సిటీలో నిలబడి ఎటు చూసినా సముద్రం కనిపించదు. పడమట ఉబ్బలమడుగు కొండలు, వాటి పాదాల వద్ద చిట్టడవులు, చెరువులు. తూర్పున తడ మీదుగా చెన్నైకి సాగిపోయే జాతీయ రహదారి, దాని వెంట రైలుమార్గం. అవి దాటితే పులికాట్ సరస్సు, సరస్సుకు ఆవల శ్రీహరికోట దీవి. ఆ దీవిని కూడా దాటిన తరువాతనే బంగాళాఖాతం. అయినా ఇక్కడి కర్మాగారాలలో పనిచేసే వేలాది మంది జీవనం సముద్రంతో ముడిపడి ఉన్నది. ఇక్కడ అమర్చే యంత్రాల భాగాలు అనేకం సముద్రం దాటి వస్తాయి. ఇక్కడ తయారైన వస్తువులు కొన్ని సముద్రం దాటి పోతాయి. 2017లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరానికి చేరిన మెట్రో రైలు ఈ నేల మీద తయారైనదే. రేవు లేని ఊరికి రేవు ప్రాణాధారం కావడం ఒక విచిత్రం. ఆ విచిత్రాన్ని అర్థం చేసుకొంటే రేవు అంటే ఏమిటో, దాని మీద ప్రభుత్వాలు ఎందుకు ధనం వెచ్చిస్తాయో తెలుస్తుంది.

సత్యవేడు ప్రాంతంలో ఒక పల్లె. ఆ పల్లెలో ఒక చిన్న కుటుంబం. తండ్రి కంటైనరు లారీ నడుపుతాడు. కూతురు జూనియర్ కళాశాలలో ఇంటర్మీడియట్ చదువుతున్నది. పగలంతా ఇంటి అరుగు మీద కూర్చుండే తాత ఒకప్పుడు మెట్టసేద్యం చేసినవాడు. ఆయన దున్నిన నేల ఇప్పుడు పారిశ్రామికవాడలో ఒక భాగం. ఒకనాడు తెల్లవారుజామున సరుకుతో బయలుదేరి, ఆ రాత్రికి తిరిగి రావలసిన తండ్రి మూడవనాటి మధ్యాహ్నానికి గాని ఇల్లు చేరలేదు. నిద్రలేక ఆయన కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"ఏం నాయనా, ఇన్ని దినాలు పట్టింది?" అని కూతురు అడిగింది.

"రేవు వాకిట్లో లారీల వరస కదల్లేదమ్మా. దారి రెండు గంటలు, గేటు దాటడానికి రెండు దినాలు" అన్నాడు తండ్రి, కాళ్ళు కడుక్కుంటూ.

ఆ అమ్మాయి తాత వైపు తిరిగింది. "సముద్రం మనకింత దగ్గరుంది కదా తాతా! మన పక్కనే ఒక రేవు కట్టివుంటే నాయనకీ కష్టం ఉండేదా?"

తాత వెంటనే బదులు చెప్పలేదు. కాసేపటికి, "దగ్గరుంటే చాలదమ్మా. సముద్రం ఒప్పుకోవాల, నేల ఒప్పుకోవాల, కట్టేవాడి చేతిలో దుడ్డుండాల" అన్నాడు.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న ఒక్క ఇంటి ప్రశ్న కాదు. సుమారు నాలుగు వందల సంవత్సరాలుగా ఈ తీరం అడుగుతున్న ప్రశ్న అది. తాత చెప్పిన మూడు మాటలలోనే దానికి సమాధానం ఉన్నది.

మొదటిది సముద్రం మాట. పులికాట్ సరస్సుకు ఉత్తరపు కొనన, వాకాడు మండలంలో దుగరాజపట్నం అనే గ్రామం ఉన్నది. 1626 ప్రాంతంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వర్తకులు అక్కడ స్థావరం ఏర్పరచుకొన్నారు. ఆ చోటును వారు ఆర్మగాన్ అని పిలిచారు. ఆ పేరు నేటికీ అక్కడి తీరాన ఒక దీపస్తంభానికి మిగిలి ఉన్నది. కాని ఆ స్థావరంలో వర్తకం కలిసిరాలేదు. 1639లో ఫ్రాన్సిస్ డే అనే కంపెనీ ఉద్యోగి దక్షిణానికి వెళ్ళి, దామెర్ల వెంకటాద్రి నాయకుని నుంచి ఒక ఇసుకతీరాన్ని పొందాడు. మరుసటి సంవత్సరం కంపెనీ తన మకాం అక్కడికి మార్చింది. దామెర్ల సోదరుల తండ్రి చెన్నప్ప నాయకుని పేరిట వెలసిన చెన్నపట్నమే నేటి చెన్నై.

చెన్నపట్నానికి ప్రకృతి ప్రసాదించిన రేవు ఉన్నదని, అందుకే అది మహానగరమైనదని చాలామంది అనుకొంటారు. అది నిజం కాదు. కోరమండల్ తీరంలో చాలా భాగం వంపులు లేని తిన్నని ఇసుక ఒడ్డు. ఓడలకు నీడనిచ్చే కొండగాని, అఖాతంగాని చెన్నపట్నం వద్ద లేవు. రెండు శతాబ్దాలకు పైగా ఓడలు ఒడ్డుకు దూరంగా నడిసముద్రంలోనే లంగరు వేసేవి. సరుకునూ, మనుషులనూ మసూలా పడవలలో ఒడ్డుకు చేర్చేవారు. పలకలను మేకులతో బిగించక కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టిన పడవలవి. కుట్టు వదులుగా ఉండడం వలన అలల తాకిడికి అవి వంగేవే గాని విరిగేవి కావు. అయినా ఎన్ని మూటలు తడిసేవో, ఎందరు నీటి పాలయ్యేవారో లెక్కలేదు.

పందొమ్మిదవ శతాబ్దంలో ప్రభుత్వం ఆ తీరం మీద ధనం వెచ్చించసాగింది. 1861 నాటికి సముద్రంలోకి ఒక ఇనుప వంతెన వెళ్ళింది. 1870ల నడుమ, ఓడలకు నెమ్మదైన నీరు దొరికేటట్లు సముద్రంలో రెండు పెద్ద అడ్డుగోడలు కట్టే పని ఆరంభమైంది. ఆ పని ముగిసే దశలో 1881 తుపాను వచ్చి గోడలను ధ్వంసం చేసింది. మళ్ళీ కట్టారు. ఆ తరువాత తూర్పుముఖంగా ఉన్న ద్వారం ఇసుకతో పూడుకుపోవడం మొదలైంది. 1904లో బాధ్యత స్వీకరించిన ఫ్రాన్సిస్ స్ప్రింగ్ అనే ఇంజనీరు ఆ ద్వారాన్ని మూయించి ఈశాన్యం వైపు కొత్త ద్వారం తెరిపించాడు. ఈ విధంగా ఓడి, మళ్ళీ కట్టి, మళ్ళీ సరిదిద్దిన పట్టుదల చెన్నై రేవును నిలబెట్టింది. దాని వెనుక ప్రజాధనం ఉన్నది.

ఈ కథకు మరొక వైపు మచిలీపట్నం. పదిహేడవ శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి అది సముద్రద్వారం. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు అక్కడ వర్తకం ప్రారంభించారు. అక్కడి అద్దకపు బట్టలు దేశదేశాలకు వెళ్ళాయి. కాని ఒడ్డున నీరు లోతు తక్కువ, దానికి తోడు పూడిక. 1864 నవంబరులో వచ్చిన ఉప్పెన పట్నాన్ని ముంచి వేలాది ప్రాణాలు తీసింది. ఆ దెబ్బ తరువాత మద్రాసు రేవుకు దొరికినంత పెట్టుబడి బందరుకు దొరకలేదు. తుపాను రెండు పట్నాలకూ వచ్చింది. ఒకచోట గోడలు మళ్ళీ లేచాయి. రెండవచోట చరిత్ర మాత్రమే మిగిలింది.

రేవు నిర్మాణానికి ప్రభుత్వమే ఎందుకు పూనుకోవాలి? లాభం ఉన్నదని తెలిస్తే వర్తకులే కట్టుకోరా? ఈ సందేహం సహజమైనదే. రేవులో మన కంటికి కనిపించేవి క్రేనులు, గిడ్డంగులు, ఓడలు. అసలు ఖర్చులో ఎక్కువ భాగం కంటికి కనిపించని చోట ఉంటుంది. అలలను ఆపే అడ్డుకట్ట కోసం కొండల నుంచి తెచ్చిన లక్షల టన్నుల రాతిని సముద్రంలో పోయాలి. ఆ రాతిలో అధికభాగం నీటి అడుగుననే ఉండిపోతుంది. పెద్ద ఓడ లోపలికి రావాలంటే నీటి అడుగున మైళ్ళ పొడవున బాట తవ్వాలి. తవ్విన బాటను అల తిరిగి పూడుస్తూనే ఉంటుంది కనుక పూడికతీత ఏటేటా సాగవలసిన పని. ఈ రాతికీ, ఈ తవ్వకానికీ పెట్టిన ధనం తిరిగి రావడానికి ఒక తరం పట్టవచ్చు. పెట్టుబడి త్వరగా చేతికి రావాలని కోరే వ్యాపారి అంతకాలం ఆగలేడు. ప్రభుత్వం ఆగగలదు. ఒక తరం కట్టిన పన్నుతో తరువాతి తరానికి ఆస్తి కూర్చగలదు.

దీనికి విశాఖపట్నం మంచి నిదర్శనం. అక్కడ ప్రకృతి కొంత తోడ్పడింది. డాల్ఫిన్స్ నోస్ అనే కొండ నైరుతి గాలుల నుంచి చాటునిచ్చింది. కాని కొండకు ఇవతల ఉన్నది బురదనేల, ఉప్పుటేరు. ఆ నేలను తవ్వి, రేవు ముఖద్వారానికి ఇసుక చేరకుండా రెండు పాత ఓడలను సముద్రంలో ముంచి, వాటినే అడ్డుకట్టగా చేశారు. సుమారు 378 లక్షల రూపాయల వ్యయంతో నిర్మించిన ఆ రేవులోకి 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ మొదటిసారిగా ప్రవేశించింది. నాటి ఉద్దేశం మధ్యపరగణాల మాంగనీసు ఖనిజాన్ని ఎగుమతి చేయడం. అందుకోసమే రాయపూర్ నుంచి విజయనగరం వైపు కొండల మధ్యగా రైలుమార్గం వేశారు. ఖనిజం కోసం కట్టిన ఆ రేవు పక్కనే నౌకానిర్మాణ కేంద్రం వెలసింది. 1948 మార్చి 14న జల ఉష అనే నౌకను నెహ్రూ అక్కడ జలప్రవేశం చేయించారు. చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది, ఉక్కు కర్మాగారం వచ్చింది, 1976లో వెలుపలి రేవు వచ్చింది. 1933లో లెక్కలు వేసినవారి కాగితాలలో ఇవి ఏవీ లేవు. రేవు మీద పెట్టిన పెట్టుబడికి ఫలితం తరచుగా కట్టినవారు ఊహించని రూపంలో వస్తుంది.

పెట్టుబడి అంటే రాయి, ఇనుము మాత్రమే అనుకోరాదు. నమ్మకం కూడా పెట్టుబడే. ఈ సత్యం తెలుగు రాజులకు తెలుసు. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో ఒక అభయశాసనం వేయించాడు. తుపానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడల సరుకును పాలకులు స్వాధీనం చేసుకోవడం అంతకు ముందున్న ఆచారం. ప్రాణాలకు తెగించి సముద్రయానం చేసే వర్తకుల వద్ద నియమించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని గణపతిదేవుడు మాట ఇచ్చాడు. ఆ మాటను రాతిమీద చెక్కించడానికి అయిన ఖర్చు స్వల్పం, దాని విలువ అపారం. శ్రీకృష్ణదేవరాయలు సైతం ఆముక్తమాల్యదలోని రాజనీతి ఘట్టంలో రేవులను అభివృద్ధి చేయాలని, దూరదేశాల నుంచి వచ్చిన నావికులను ఆదరించాలని చెప్పాడు. మేలైన గుర్రాలు, ఏనుగులు, రత్నాలు శత్రువుల రేవులకు పోకుండా తన రేవులకే రావాలన్నది ఆయన తలపు. రేవుకు వచ్చిన సరుకు రాజ్యబలం అవుతుందని ఆ చక్రవర్తి గ్రహించాడు.

నేటి పాలనలో ఈ బాధ్యత రెండుగా పంచబడి ఉన్నది. ప్రధాన రేవులు కేంద్రప్రభుత్వ అధీనంలోనూ, తక్కిన రేవులు రాష్ట్రప్రభుత్వాల అధీనంలోనూ ఉంటాయి. సుమారు వెయ్యి కిలోమీటర్ల తీరం గల ఆంధ్రప్రదేశ్‌లో పనిచేస్తున్న ప్రధాన రేవు విశాఖపట్నం ఒక్కటే. మన దేశపు విదేశీ వాణిజ్యంలో బరువును బట్టి చూస్తే సుమారు 95 శాతం సముద్రమార్గాన సాగుతుంది. అందువలన 2015లో కేంద్రం సాగరమాల కార్యక్రమాన్ని చేపట్టి రేవుల ఆధునికీకరణకూ, వాటికి రోడ్డు, రైలు మార్గాలు కల్పించడానికీ పూనుకొన్నది. మహారాష్ట్రలోని వాఢవణ్ వద్ద 76 వేల కోట్ల రూపాయలకు పైగా అంచనాతో కొత్త ప్రధాన రేవుకు 2024లో శంకుస్థాపన జరిగింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రామాయపట్నం, మూలపేట, మచిలీపట్నాలలో కొత్త రేవుల పనులు చేపట్టింది. నూట అరవై ఏళ్ళ క్రితం ఉప్పెనకు కుంగిపోయిన బందరులో 2023 మే నెలలో మళ్ళీ రేవు పనులు మొదలు కావడం చరిత్రలో ఒక చిత్రమైన మలుపు.

ఈ కొత్త రేవుల నిర్మాణంలో అనుసరిస్తున్న పద్ధతి పల్లెవారికి సులభంగా బోధపడేదే. ఊరి చెరువూ, కాలువా ప్రభుత్వం కట్టిస్తుంది. పొలం కౌలుకు తీసుకొన్న రైతు విత్తనం వేసి, సేద్యం చేసి, కౌలు చెల్లిస్తాడు. అదే విధంగా అడ్డుకట్ట, నౌకామార్గం, భూమి ప్రభుత్వానివి. ఓడలు నిలిచే బెర్తుల మీద క్రేనులు అమర్చి సరుకు దింపే పని గుత్తకు తీసుకొన్న సంస్థలది. మరొక పద్ధతిలో మొత్తం రేవునే దీర్ఘకాలపు ఒడంబడికతో ప్రైవేటు సంస్థకు అప్పగిస్తారు. నెల్లూరు జిల్లాలోని కృష్ణపట్నం ఆ విధంగానే 2008లో కొత్త రూపు దాల్చింది. 2020లో దాని యాజమాన్యం మరొక సంస్థ చేతికి వెళ్ళింది. రెండు పద్ధతులలోనూ గుణదోషాలు ఉన్నాయి. ప్రైవేటు సంస్థ త్వరగా కట్టగలదు. అయితే ఏ సరుకును ఏ రేవుకు మళ్ళించాలో తన లాభాన్ని బట్టి నిర్ణయించుకొంటుంది. ప్రభుత్వం నెమ్మదిగా కట్టినా, వెనుకబడిన సీమను దృష్టిలో పెట్టుకొని నిర్ణయించగలదు. నిర్ణయించాలి కూడా.

ఇక తాత చెప్పిన రెండవ మాట, నేల మాట. రేవు గొప్పతనం దాని ముందున్న సముద్రాన్ని బట్టి కొంత, దాని వెనుక ఉన్న నేలను బట్టి కొంత ఏర్పడుతుంది. రైల్వేకోడూరు సమీపంలోని మంగంపేట బైరటీస్ గనులకు ప్రసిద్ధి. చమురుబావుల తవ్వకంలో వాడే ఆ ఖనిజం ఎగుమతి కావాలంటే తూర్పుతీరానికి చేరాలి. మధ్యలో వెలిగొండలు అడ్డు. ఓబులవారిపల్లె నుంచి వెంకటాచలం వరకు వేసిన రైలుమార్గంలో ఆ కొండలను తొలిచి ఆరున్నర కిలోమీటర్లకు పైగా పొడవైన సొరంగం నిర్మించారు. 2019లో అది వాడుకలోకి వచ్చింది. కృష్ణపట్నం రేవు చిత్రపటంలో ఆ సొరంగం కనిపించదు. అయినా అది ఆ రేవులో భాగమే. రాయలసీమ కొండ కడుపులో వెచ్చించిన ధనం సముద్రపుటొడ్డున పెట్టిన పెట్టుబడితో సమానం.

అదే విధంగా చిత్తూరు సీమ మామిడి. తోతాపురి కాయ నుంచి తీసిన గుజ్జు డ్రమ్ములలో ఓడలెక్కి అరబ్బు దేశాలకూ, ఐరోపాకూ పోతుంది. రేవు వాకిట్లో లారీ రెండు రోజులు నిలిస్తే దాని అద్దె, డ్రైవరు బత్తెం, కంటైనరు ఆలస్యపు రుసుము సరుకు ధరలో చేరుతాయి. విదేశపు కొనుగోలుదారు ఆ భారం మోయడు. గుజ్జు కర్మాగారం కొంత మోస్తుంది. తక్కినది చివరకు తోటలో కాయ కోసే రైతు మీద పడుతుంది. సముద్రాన్ని ఎన్నడూ చూడని బంగారుపాళెం రైతు కూడా రేవులోని జాప్యానికి మూల్యం చెల్లిస్తున్నాడు. శ్రీ సిటీ సంగతి ఇంకా సున్నితమైనది. విదేశం నుంచి రావలసిన ఒక్క విడిభాగం అందకపోతే యంత్రాల వరుస ఆగిపోతుంది. అక్కడ రోజుకూలి మీద పనిచేసే యువకుని సంపాదన ఆ వరుస మీదనే ఆధారపడి ఉన్నది.

కంటైనరు వచ్చిన తరువాత ఈ సంబంధం మరింత బిగిసింది. 1956లో మాల్కం మెక్లీన్ అనే అమెరికా వ్యాపారి లారీ పెట్టెలను యథాతథంగా ఓడమీదికి ఎక్కించే పద్ధతిని ఆచరణలో పెట్టాడు. అంతకు పూర్వం ఒక ఓడను ఖాళీ చేయడానికి వందలాది హమాలీలకు రోజులు పట్టేది. ఇప్పుడు గంటలలో ముగుస్తుంది. ఓడ వేగంగా కదులుతున్నది కనుక ఒడ్డున రోడ్డు కూడా అంతే వేగంగా కదలాలి. చెన్నై రేవును మధురవాయల్‌తో కలిపే వంతెనదారికి 2009లో శంకుస్థాపన చేశారు. వివాదాల వలన 2012లో పని నిలిచిపోయింది. 2022లో కొత్త రూపంతో మళ్ళీ పునాది వేశారు. రేవు లోపల ఎంత ఆధునిక యంత్రం ఉన్నా, రేవుకు పోయే దారి పదేళ్ళు ఆగితే ఆ యంత్రం కూడా ఆగినట్లే.

కట్టడంతో బాధ్యత తీరదని తాతకు స్వానుభవం వలన తెలుసు. ఆయన చిన్నతనంలో పులికాట్ పక్కగా బకింగ్‌హామ్ కాలువలో తెరచాప పడవలు నడిచేవి. ఉప్పు, వంటచెరకు, సున్నపుగుల్ల వాటి మీద మద్రాసు చేరేవి. "గాలి లేకుంటే గట్టుమింద తాడు పట్టుకొని మనుషులే పడవని లాక్కుంటా పొయ్యేవాళ్ళు" అని ఆయన మనుమరాలికి చెప్పాడు. 1965, 1966 సంవత్సరాల తుపానులు ఆ కాలువను దెబ్బతీశాయి. ఆ తరువాత చాలినంత మరమ్మతు జరగలేదు. ఒక తరం కట్టినదాన్ని మరొక తరం నిలుపుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఆ పూడిపోయిన కాలువ చాలు.

మూడవది దుడ్డు మాట. దుడ్డు ఉన్నంత మాత్రాన ఎక్కడ పడితే అక్కడ రేవు కట్టవచ్చునా? శ్రీలంక 2010లో హంబన్‌తోట వద్ద అప్పు తెచ్చి భారీ రేవు కట్టింది. ఓడలు ఆశించినంతగా రాలేదు. 2017లో దానిని 99 సంవత్సరాల కౌలుకు చైనా సంస్థకు ఇవ్వవలసి వచ్చింది. అదే ద్వీపంలోని కొలంబో రేవు మాత్రం భారతదేశానికి వచ్చే కంటైనర్లను సైతం అందుకొని వర్ధిల్లింది. సముద్రం ఒక్కటే, పాలకులూ ఒక్కరే. ఒక రేవుకు వెనుక నిలకడైన వర్తకం ఉన్నది, రెండవ దానికి లేదు.

సముద్రానికి కూడా తన లెక్క ఉన్నది. తూర్పుతీరం వెంట ఇసుక ఏడాదిలో అధికభాగం దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. దానికి అడ్డంగా గోడ కడితే దక్షిణాన ఇసుక మేటవేస్తుంది, ఉత్తరాన ఒడ్డు కోతకు గురవుతుంది. చెన్నైలో విశాలమైన మెరీనా తీరం ఆ విధంగా పెరిగినదే. అదే కారణం వలన రేవుకు ఉత్తరాన రాయపురం వైపు జాలరుల ఒడ్డు తరిగిపోయింది. ఒకరికి విహారస్థలం దొరికినచోట మరొకరికి ఇల్లు పోయింది. రేవు మీద వెచ్చించే ధనంలో ఆ పోయిన ఒడ్డు లెక్క కూడా ఉండాలి.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు తిరిగి రావచ్చు. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం దుగరాజపట్నం వద్ద కేంద్రం ఒక ప్రధాన రేవును అభివృద్ధి చేయాలని, 2018 చివరికి మొదటి దశ ముగియాలని పేర్కొన్నది. ఇంగ్లీషువారు విడిచిపోయిన చోటనే దాదాపు 375 సంవత్సరాల తరువాత భారత పార్లమెంటు రేవును తలపెట్టింది. ఆ గడువు దాటిపోయింది, రేవు రాలేదు. ఒక పక్క శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం, మరొక పక్క పులికాట్ సరస్సు, ఉత్తరాన అప్పటికే పనిచేస్తున్న కృష్ణపట్నం. అంత దగ్గరలో మరొక రేవు గిట్టుబాటు కాదన్న అభిప్రాయం బలపడింది. 2025లో అదే చోట నౌకానిర్మాణ కేంద్రం ప్రతిపాదన ముందుకు వచ్చింది.

చట్టంలో రాసిన మాట నెరవేరకపోవడం ఈ ప్రాంతపు యువతకు తీరని నష్టమని కొందరు అంటారు. ఆ మాటలో న్యాయం ఉన్నది. ఇచ్చిన మాట నిలుపుకోవడం గణపతిదేవుని కాలం నుంచి రేవు ధర్మం. పులికాట్‌లో వల వేసి రొయ్యలు, చేపలు పట్టి బ్రతికే కుటుంబాలూ, ఏటా చలికాలంలో అక్కడికి వచ్చే రాజహంసలూ నిలిచాయి కదా అని మరికొందరు అంటారు. అందులోనూ న్యాయం ఉన్నది. ఈ రెండు న్యాయాలనూ ముందుగానే తూచి, ఆ తరువాత మాట ఇచ్చి ఉంటే ఇన్నేళ్ళ నిరీక్షణ ఉండేది కాదు. ప్రజాధనంతో రేవు కట్టేవారు మొదట సముద్రాన్ని, పిదప వెనుక నేలను, ఆ తరువాత అక్కడి మనుషులను అడిగి తెలుసుకోవాలి. ఆ మూడు చోట్లా ఔనన్న సమాధానం వచ్చిన చోట ఖర్చుకు వెనుదీయరాదు, మధ్యలో విడువరాదు.

ఆ సాయంకాలం తాతా మనుమరాలూ అరుగు మీద కూర్చున్నారు. దూరాన పారిశ్రామికవాడ దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. దానికి ఇవతల గట్టు మీద తాటిచెట్లు నల్లగా నిలిచి ఉన్నాయి.

"ఆ చెట్లు ఎవరు నాటినారో తెలుసునా? మా జేజి. తాటిటెంక పాతిపెట్టినోళ్ళు ముంజెలు తింటారో లేదో చెప్పలేం. ఆమె తినలేదు, మేం తిన్నాం" అన్నాడు తాత.

"మరి రేవు కూడా అంతే అంటావా తాతా?"

"అంతే. కాకుంటే జేజి ఆ టెంకల్ని ఇంకొకరి చేలో పాతలేదు, చెరువు కాలవకు అడ్డంగానూ పాతలేదు. గట్టు చూసుకొని పాతింది."

మరునాడు తెల్లవారుజామున తండ్రి మళ్ళీ లారీ తీశాడు. వెనుక నలభై అడుగుల కంటైనరు, దాని తలుపులకు కస్టమ్స్ ముద్ర. కూతురు అన్నం క్యారియరుతో పాటు ఒకటికి రెండు నీళ్ళసీసాలు అందించింది. ఎన్నాళ్ళు పడుతుందో ఇంట్లో ఎవరూ అడగలేదు. లారీ పల్లెదారి దాటి, వరదయ్యపాళెం రోడ్డు ఎక్కి, తూర్పున సముద్రం ఉన్న దిక్కుకు సాగిపోయింది.